నియోజకవర్గముల హద్దులు

పల్లెపట్టున గట్టు తగాదా యనునది యెట్టిదో భూవసతి గల మా పాఠకులకు మేము చెప్పనక్కర లేదు. రాత్రికి రాత్రి సర్వే రాతిని పెరికి నాలుగు బారలు అవతల పాతినవాడు పొరుగువాని పైరును కోసికొనిపోలేదు. గాదెకు కన్నము వేయలేదు. ఐనను ఆ యేడు మొదలు ప్రతి పంటలోను కొంత భాగము దానంతటదియే వాని కళ్లమునకు నడచివచ్చుచుండును. రాజకీయములలోను ఇట్టి విద్య యొకటి కలదు. దానికి వోటు పెట్టెను ముట్టుకొననక్కర లేదు. వోటరును బెదరింపనక్కర లేదు. దొంగవోటొక్కటియైనను వేయింపనక్కర లేదు. నియోజకవర్గపు హద్దును తనకు అనుకూలముగ గీసికొన్నవానికి ఎన్నిక జరుగుటకు ముందే ఫలితము చేతికి వచ్చును.

దీనిని ఇప్పుడు ప్రస్తావించుటకు కారణము కలదు. లోకసభలో ఏ రాష్ట్రమునకు ఎన్ని స్థానములను లెక్కను 1976లో 42వ రాజ్యాంగ సవరణ 1971 నాటి జనాభాపై నిలిపివేసెను. 2001 నాటి 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 పిమ్మట జరుగు మొదటి జనాభా లెక్కల వరకు పొడిగించెను. ఆ లెక్కలకు 2027 మార్చి 1వ తేది ఆధారదినమని 2025 జూనులో ప్రకటన వెలువడెను. ఇక దక్షిణాదిని వినవచ్చిన చర్చ యంతయు ఒక్కటే: మనకు ఎన్ని స్థానములు తగ్గును, ఉత్తరాదికి ఎన్ని పెరుగును? 2025 మార్చి 22న చెన్నపట్టణమున పలు రాష్ట్రముల నాయకులు కూడినదియు ఈ ప్రశ్నను గూర్చియే. జనాభాను అదుపున ఉంచుకొన్న రాష్ట్రములకు అదియే శిక్షగా పరిణమింపరాదను ఆందోళన నిష్కారణమని మేము అనము. కాని ‘ఎన్ని’ అను ప్రశ్న వెనుక ‘ఎచ్చట’ అను ప్రశ్న యొకటి దాగియున్నది. స్థానముల సంఖ్య ఎప్పుడు, ఏ శాసనముచే నిర్ణయమైనను, ఆ మరునాడు ఎవరో యొకరు పటము ముందు కూర్చుండి గీతలు గీయవలసియున్నది. ఆ గీతలను గూర్చి మాటాడువారు మాకు అరుదుగా కానవచ్చుచున్నారు.

ఈ విద్యకు పేరు పెట్టినవారు అమెరికావారు. 1812 ఫిబ్రవరిలో మసాచుసెట్సు రాష్ట్ర గవర్నరగు ఎల్బ్రిడ్జి గెర్రీ, తన పక్షమువారు శాసనసభలో నెగ్గించిన పునర్విభజన చట్టముపై చేవ్రాలు చేసెను. ఆయన సామాన్యుడు కాడు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసిన మహనీయులలో నొకడు. ఆ చట్టము ప్రకారము ఎసెక్సు కౌంటీలో ఏర్పడిన సెనేటు నియోజకవర్గమొకటి వంకరలు తిరిగి ఏదో జంతువువలె కానవచ్చెను. బోస్టను గెజెటువారు 1812 మార్చి 26న దానికి రెక్కలు, గోళ్లు, నాలుక తగిలించి బొమ్మ వేసి, సాలమాండరను బల్లివంటి ప్రాణి పేరును గెర్రీ పేరుతో అతికి ప్రకటించిరి. నేడు లోకము దానిని జెర్రీమాండరింగు అనుచున్నది. ఆ సంవత్సరపు ఎన్నికలలో ప్రతిపక్షమునకు మొత్తముమీద వోట్లు ఎక్కువ వచ్చినను, సెనేటులోని 40 స్థానములలో 29 గెర్రీ పక్షమునకు దక్కెను. గెర్రీగారు మాత్రము గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయిరి. ఏలయన రాష్ట్రమంతయు ఒకే నియోజకవర్గమైన ఆ పోటీలో గీతకు చోటు లేదు. ఈ విద్య మర్మమంతయు ఆ యొక్క సంగతిలోనే యున్నది.

దీని గణితము కష్టమైనది కాదు. పదునైదు గ్రామములు గల తాలూకా నొకదానిని ఊహింతము. గ్రామములన్నిటను వోటరులు సమానమే. తొమ్మిది గ్రామములు ఒక పక్షమువైపు, ఆరు గ్రామములు రెండవ పక్షమువైపు ఉన్నవి. మూడు గ్రామములకు ఒక స్థానము చొప్పున అయిదు స్థానములు. ధర్మముగ చూచినచో మొదటి పక్షమునకు మూడు, రెండవదానికి రెండు రావలెను. గీత రెండవ పక్షము చేతిలో ఉన్నదనుకొందము. వారు ఎదుటివారి గ్రామములలో ఆరింటిని రెండు నియోజకవర్గములలో కుక్కివేయుదురు. అచ్చట ఎదుటివారు అఖండ విజయము పొంది ఊరేగింపులు కూడ జరుపుకొందురు. మిగిలిన మూడు గ్రామములను మూడు నియోజకవర్గములకు ఒక్కొక్కటిగ చీల్చి, ప్రతిదానికి తమ గ్రామములు రెండేసి చేర్తురు. ఫలితమేమి? ఆరు గ్రామములవారికి మూడు స్థానములు, తొమ్మిది గ్రామములవారికి రెండు. ఒక్క వోటరైనను ఇల్లు మారలేదు. ఒక్కని మనస్సైనను మారలేదు. ప్రతి నియోజకవర్గమున వోటరుల సంఖ్యయు సమానమే. కుక్కుట, చీల్చుట అను ఈ రెండు ఉపాయములతోనే రెండు శతాబ్దములుగ ఈ వ్యాపారము సాగుచున్నది.

ఇది కాగితముపై లెక్క మాత్రమే యనుకొనువారు ఐర్లండు ఉత్తరమున గల డెర్రీ పట్టణపు చరిత్రను చూడవలెను. ఐర్లండు మనకు అపరిచిత దేశము కాదు. హోమ్ రూలను మాటను మన ముందు తరమువారు అచ్చటినుండియే తెచ్చుకొనిరి. 1920 చట్టముచే బ్రిటిషు పార్లమెంటు ఆ దేశమును విభజించినపుడు అల్స్టరు ప్రాంతపు తొమ్మిది కౌంటీలలో ఆరింటిని మాత్రమే ఉత్తర ఐర్లండుగ వేరుపరచెను. తొమ్మిదింటిని తీసికొన్నచో బ్రిటనుతో కలిసియుండగోరు యూనియనిస్టుల ఆధిక్యము సందిగ్ధమగును. ఆరింటిని తీసికొన్నచో అది నిశ్చయము. ఆ రాజ్యపు తొలి గీతయే తలలు లెక్కించి గీసిన గీత. అట్టి రాజ్యమున పురపాలక సంఘముల గీతలు వేరొక విధముగ నుండునా?

డెర్రీలో కాథలిక్కులు అధిక సంఖ్యాకులు; వారు జాతీయవాదులు. 1920లో దామాషా పద్ధతిని ఎన్నికలు జరుగగా సంఘము వారి చేతికి వచ్చెను. 1922లో స్థానిక ఎన్నికలలో ఆ పద్ధతిని రద్దుచేసి వార్డులను మరల గీసిరి. సంఘము యూనియనిస్టుల చేతికి తిరిగిపోయెను. జాతీయవాదుల సంఖ్య పెరుగుచుండుటచే ఆ గీతలును భద్రముగ తోపక, 1936లో వేరొకమారు గీసి పట్టణమును మూడు వార్డులు చేసిరి. 1967 నాటి లెక్కలను పాఠకులు ఓపికతో చదువవలెనని కోరుచున్నాము. దక్షిణ వార్డులో కాథలిక్కు వోటరులు 10,047 మంది, ఇతరులు 1,138 మంది. స్థానములు 8, అన్నియు కాథలిక్కుల పక్షమునకే. ఉత్తర వార్డులో కాథలిక్కులు 2,530, ఇతరులు 3,946. స్థానములు 8, అన్నియు యూనియనిస్టులకే. వాటర్‌సైడను మూడవ వార్డులో కాథలిక్కులు 1,852, ఇతరులు 3,697. స్థానములు 4, అవియు యూనియనిస్టులకే. మొత్తమున 14,429 మందికి 8 స్థానములు, 8,781 మందికి 12 స్థానములు! దక్షిణ వార్డున దాదాపు 1,400 మంది వోటరులకు ఒక సభ్యుడుండగా, ఉత్తర వార్డున 810 మందికే ఒక సభ్యుడుండెను. పదివేలమందిని ఒక గదిలో కుక్కి తలుపు వేయుట యన నిదియే.

అంతటితో పోయిన బాగుండును. గీతను గీయుట ఒక యెత్తు, గీసిన గీతను కాపాడుకొనుట వేరొక యెత్తు. ఆ దినములలో ఉత్తర ఐర్లండు స్థానిక ఎన్నికలలో వోటు హక్కు ఇంటి యజమానులకు, అద్దెయింటివారికి, వారి భార్యలకు మాత్రమే ఉండెను. అనగా పురపాలక సంఘము ఒక కుటుంబమునకు ఇల్లు ఇచ్చిన, వోటు కూడ ఇచ్చినట్లే. కాథలిక్కు కుటుంబమునకు ఉత్తర వార్డులో ఇల్లు ఇచ్చినచో గీత చెడును. కావున సంఘమువారు కాథలిక్కులకు ఇండ్లు దక్షిణ వార్డులోనే కట్టిరి. అచ్చట స్థలము నిండిపోయిన పిమ్మట కట్టుటయే మానుకొనిరి. పిల్లలతో ఒక్క గదిలో మూడు తరములవారు తలదాచుకొనుచుండగా ఊరిలో ఖాళీ స్థలములు పడియుండెను. పటముపై నున్న యొక గీత కొరకు మనుష్యులను ఇండ్లు లేక ఉంచిరనుట మా యతిశయోక్తి కాదు. 1969లో ప్రభుత్వము తానే నియమించిన కామెరన్ విచారణ సంఘము ఇండ్ల విషయమున పక్షపాతమును, వార్డుల వక్రవిభజనను అల్లరులకు కారణములలో చేర్చి వ్రాసెను. 1968 అక్టోబరు 5న ఆ పట్టణమున పౌరహక్కుల ఊరేగింపుపై పోలీసుల లాఠీలు పడెను. మరుసటి సంవత్సరము డెర్రీ పురపాలక సంఘమును తీసివేసి ప్రత్యేక సంఘమును నియమింపవలసి వచ్చెను. అప్పటికే ఆలస్యమైపోయెను. పిమ్మట ముప్పది యేండ్లపాటు, 1998 ఒడంబడిక వరకు, ఆ చిన్న దేశమున సాగిన రక్తపాతములో 3,500 మందికి పైగా మరణించిరి. అదంతయు ఒక వార్డు పటమునుండియే పుట్టినదని మేము చెప్పము. వోటుతో తమ ఊరి సంఘమును మార్చుకొను దారిని నలుబదియైదేండ్లు మూసియుంచినచో జనులు వేరు దారులు వెదకుకొందురనుట మాత్రము చెప్పుదుము.

డెర్రీలో కుక్కిరి, అమెరికాలోని టస్కీగీ పట్టణమున గెంటివేసిరి. అలబామా రాష్ట్రమున నున్న ఆ ఊరు నల్లజాతివారి ప్రసిద్ధ విద్యాపీఠమునకు నెలవు. అచ్చటి నల్లజాతివారు చదువుకొని, పన్నులు కట్టి, క్రమముగ వోటరుల పట్టీలో చేరుచుండగా తెల్లవారికి భయము పుట్టెను. 1957లో రాష్ట్ర శాసనసభ ఆ పట్టణపు ఎల్లలను మార్చుచు ఒక చట్టము చేసెను. చతురస్రముగ నున్న ఊరు ఇరువదియెనిమిది భుజముల వింత ఆకారమై పోయెను. పట్టణములోని నాలుగువందల నల్లజాతి వోటరులలో నలుగురైదుగురు తప్ప తక్కినవారెల్లరు తెల్లవారునప్పటికి ఊరి వెలుపలివారైరి. ఒక్క తెల్ల వోటరైనను వెలుపల పడలేదు. చట్టములో జాతి మాట ఒక్కటైనను లేదు. అందుండినవి దిక్కులు, దూరములు మాత్రమే! ఆ విద్యాపీఠపు ఆచార్యుడగు గోమిలియనుగారు వ్యాజ్యము నడుపగా 1960లో అమెరికా సుప్రీముకోర్టు ఏకగ్రీవముగ ఆ చట్టము చెల్లదనెను.

అదే అలబామాలో వేరొక రోగమును ఉండెను. గీతలను దుర్బుద్ధితో మార్చుట ఒకటి కాగా, ఊళ్లు మారినను గీతలను మార్చకుండుట రెండవది. ఆరు లక్షలకు పైబడిన జనాభా గల జెఫర్సను కౌంటీకి సెనేటులో ఒక్క స్థానమే. 15,417 మంది గల లౌండెసు కౌంటీకిని ఒక్క స్థానమే. పల్లెలలో పెద్ద పెద్ద భూములు గలవారికి ఇది హాయిగ నుండెను. ఇంగ్లండులోను 1832 వరకు కొలదిమంది వోటరులు గల ఓల్డ్ సారం అను పాడు దిబ్బ ఇద్దరు సభ్యులను పంపుచుండగా మాంచెస్టరు నగరమునకు ఒక్క సభ్యుడును లేడు. 1964లో అమెరికా సుప్రీముకోర్టు అలబామా వ్యాజ్యమున, శాసనసభ్యులు మనుష్యులకు ప్రతినిధులే గాని చెట్లకు, ఎకరములకు ప్రతినిధులు కారను భావమున తీర్పు చెప్పెను. మా పాఠకులలో ఎకరములు గలవారు అనేకులు. ఈ మాట వారికి కొంత కటువుగ తోపవచ్చును. 1919 చట్టము క్రింద చెన్నపట్టణపు శాసనసభలో భూస్వాములకు ప్రత్యేక స్థానములుండెననియు, స్వరాజ్యము వచ్చి వయోజనులందరికి వోటు రాగా వానిని పోగొట్టుకొనుటకు మనవారు అంగీకరించిరనియు జ్ఞప్తికి తెచ్చుచున్నాము.

నాటినుండి అమెరికాలో నియోజకవర్గములన్నియు జనసంఖ్యలో సమానముగ నుండవలెనను నియమము స్థిరపడెను. పాఠకులు గమనింపవలసినది ఇచ్చటనే యున్నది. సంఖ్య సమానమైనంత మాత్రమున మోసము పోలేదు. మోసము మరింత నేర్పుగలదయ్యెను. పైని మేము చెప్పిన పదునైదు గ్రామముల తాలూకాలోను సంఖ్యలు సమానమే గదా! విస్కాన్సిను రాష్ట్రమున 2011లో అధికారమున నున్న రిపబ్లికను పక్షమువారు శాసనసభా భవనమునకు చేరువనున్న న్యాయవాదుల కార్యాలయమొకదానిలో తలుపులు వేసికొని పటములు గీయించిరి. తమ నియోజకవర్గములను చూడవచ్చిన సభ్యులచే రహస్యమును కాపాడుదుమని సంతకములు చేయించిరి. కంప్యూటరు వచ్చిన పిమ్మట ప్రతి వీధి ఎటు వోటు వేయునో చూచి గీయవచ్చును. 2018లో డెమొక్రాటులకు రాష్ట్రమున నూటికి 53 వోట్లు వచ్చినను, 99 స్థానములలో 63 రిపబ్లికనులవే. 2023 డిసెంబరులో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము అప్పటి హద్దులను కొట్టివేయగా, క్రొత్త పటముతో జరిగిన 2024 ఎన్నికలలో లెక్క 54కు 45గా మారెను.

డెమొక్రాటులు నీతిమంతులని ఎవ్వరును భ్రమింపరాదు. మేరీలాండున వారును 2011లో ఇరువది యేండ్లుగ ప్రతిపక్షమువారి దైన ఆరవ నియోజకవర్గమును చీల్చి 2012లో తమ వశము చేసికొనిరి. మేరీలాండు పటమును, నార్త్ కరొలైనాలో రిపబ్లికనులు గీసిన పటమును కలిపి సుప్రీముకోర్టు ముందుకు రాగా, 2019 జూను 27న అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు రెండవవైపు నిలిచి, పక్షముల లాభమునకై గీసిన గీతలను సరిదిద్దుట కేంద్ర న్యాయస్థానముల పని కాదని తేల్చిరి. నార్త్ కరొలైనా పటమును నడిపించిన శాసనసభ్యుడు తమ పక్షమునకు పదియు ఎదుటివారికి మూడును వచ్చునట్లు గీయుడనియు, పదునొకటికి రెండు చేయుట సాధ్యము కానందున మాత్రమే అట్లు చెప్పుచున్నాననియు బాహాటముగ అనెను. సిగ్గు విడిచినవానిని న్యాయస్థానము కూడ విడిచిపెట్టినది.

దాని ఫలము 2025లో కానవచ్చెను. జనాభా లెక్కలు పదియేండ్లకొకమారు జరుగును; పునర్విభజనయు వాని పిమ్మటనే జరుగుట ఆచారము. టెక్సాసులో రిపబ్లికనులు, అధ్యక్షుడు ట్రంపు ప్రోత్సాహమున, దశాబ్దము నడుమనే 2025 ఆగస్టులో పటము మార్చి తమకు అయిదు స్థానములు అధికముగ వచ్చునట్లు గీసికొనిరి. కాలిఫోర్నియాలో 2008, 2010 సంవత్సరములలో ప్రజలు వోటువేసి గీత గీయు అధికారమును రాజకీయుల చేతినుండి తీసి పౌరుల సంఘమునకు అప్పగించియుండిరి. అట్టి ప్రజలే టెక్సాసుపై ప్రతీకారముగ 2025 నవంబరు 4న ఆ సంఘపు పటమును 2030 వరకు ప్రక్కనబెట్టుటకు వోటువేసిరి. వారి కోపమును మేము అర్థముచేసికొనగలము. పొరుగువాడు గట్టు జరిపినాడని మన ఊరి సర్వే రాళ్లను మనమే పెరికికొన్నట్లున్నది గాని, వేరు కాదు.

ఇవన్నియు పరదేశములలోని మాటలు. మన దేశమున గీత గీయుట మంత్రుల చేతిలో లేదు గదా యని కొందరందురు. ఇందు నిజము కలదు. 1952, 1963, 1973, 2002 సంవత్సరములలో నాలుగు పర్యాయములు పునర్విభజన సంఘములు ఏర్పడెను. 2002 చట్టము ప్రకారము అధ్యక్షుడు సుప్రీముకోర్టు న్యాయమూర్తిగ ఉన్నవాడో, ఉండినవాడో కావలెను. ఆయనతో ఎన్నికల సంఘపు కమిషనరొకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనరొకరు కూర్చుందురు. వారి ఉత్తరువు గెజెటులో ప్రకటింపబడినంతనే శాసనమగును. పార్లమెంటుగాని శాసనసభగాని అందు ఒక్క అక్షరమును మార్చజాలవు. జస్టిసు కుల్దీప్ సింగుగారి అధ్యక్షతను గీసిన హద్దులతోనే మన ప్రాంతమున 2009 నుండి ఎన్నికలు జరిగినవి. గీయువాడు వేరు, నిలుచువాడు వేరు అను నియమము అమెరికాలోని అనేక రాష్ట్రములకు ఇంకను లేదు. మనకు కలదని సంతోషముతోనే ఒప్పుకొందుము.

ఐనను ఈ సంతోషమును మితిమీరనీయరాదు. సంఘమున రాష్ట్రమునకు పదిమంది సహసభ్యులుందురు: అయిదుగురు లోకసభ సభ్యులు, అయిదుగురు శాసనసభ్యులు. వారికి వోటు లేదు, సంతకము లేదు. కాని పటము గీయునపుడు గదిలో ఉందురు. గది వెలుపలనుండు రైతునకు ఆ సదుపాయము లేదు. హద్దులు భౌగోళికముగ ఏకముగ నుండవలెననియు, కొండలు నదులు, పాలనా విభాగములు, రాకపోకలు, ప్రజల సౌకర్యము చూడవలెననియు చట్టము చెప్పును. దేనికి ఎంత తూకము వేయవలెనో చెప్పదు. జమ్ము కాశ్మీరమున 2022లో వెలువడిన ఉత్తరువునే చూతము. జమ్ము ప్రాంతపు స్థానములు 37 నుండి 43కు, కాశ్మీరు లోయవి 46 నుండి 47కు పెరిగెను. 2011 లెక్కల చొప్పున లోయలో సుమారు 69 లక్షల జనులు, జమ్ములో 54 లక్షల జనులు. అనగా నూటికి 56 మంది గల ప్రాంతమునకు నూటికి 52 స్థానములు దక్కినవి. కొండలు, దారులు, సరిహద్దు సామీప్యము కారణములని సంఘము చెప్పెను. 2023 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు ఆ సంఘముపై వచ్చిన వ్యాజ్యమును త్రోసివేసెను. ఆ కారణములు నిజమైనవే కావచ్చును. అదే కారణములతో అంకెలను వేరొక విధముగను తేల్చవచ్చుననుటయే మా వాదము. ఇక రిజర్వు స్థానముల నిర్ణయము మరియొక గీత. ముస్లిములు అధికముగ నున్న కొన్ని నియోజకవర్గములను షెడ్యూలు కులములకు ప్రత్యేకించి, ఆ కులములవారు అంతకంటె ఎక్కువగ నున్నవానిని వదలివేసిరని 2006లో సచార్ సంఘము వ్రాసియున్నది.

పైగా ఈ ఉత్తరువులను న్యాయస్థానములలో ప్రశ్నింపరాదని రాజ్యాంగపు 329వ అధికరణము చెప్పుచున్నది. ప్రతి ఓడిపోయినవాడును కోర్టుకెక్కినచో ఎన్నికలు జరుగుటయే దుర్లభమని అట్లు నియమించిరి, అది వివేకమే. 2024 జూలైలో సుప్రీముకోర్టు, ఉత్తరువు స్పష్టముగ స్వేచ్ఛానుసారమై రాజ్యాంగ ధర్మములకు విరుద్ధమైనచో తాము చూడవచ్చునని కొంత తలుపు తెరచినది. ఐనను అడుగు వేసిన తరువాత దిద్దుకొను అవకాశము అత్యల్పమనుట నిజము. కావున చూచుకొనవలసినది ముందే.

మన రెండు రాష్ట్రములకు ఈ ముందుచూపు మరింత అవసరము. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టపు 26వ విభాగము ఆంధ్రప్రదేశమున శాసనసభ స్థానములను 175 నుండి 225కు, తెలంగాణమున 119 నుండి 153కు పెంచవలెనని చెప్పియుండెను. దానిని వెంటనే అమలుపరుప నాజ్ఞాపింపుడని వేసిన వ్యాజ్యమును సుప్రీముకోర్టు 2025 జూలైలో త్రోసిపుచ్చెను. ఎప్పుడో యొకప్పుడు ఆ 50 స్థానములు, ఆ 34 స్థానములు ఏర్పడునపుడు హద్దు కదలని నియోజకవర్గము అరుదుగ నుండును. ఏ కాలువ కింది ఊళ్లు ఏ మెట్ట ఊళ్లతో జతపడునో, ఏ పట్టణపు పేటలు చీలి చుట్టు పల్లెలలో కలియునో, నీటి పంపకములో తరతరములుగ ఒక్క మాటగ నుండు గ్రామములు రెండు ముక్కలగునో అప్పుడు తేలును. మనవారు మాత్రము అంకెలు చూచి పండుగ చేసికొనుటకు సిద్ధముగ నున్నారు.

శాసనసభ మాట అటుండనిండు. డెర్రీ కథ పురపాలక సంఘపు కథ. మన పురపాలక సంఘముల వార్డులను గీయువారు పునర్విభజన సంఘమువారు కారు, ప్రభుత్వము క్రింది అధికారులు. 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర సంఘమును చుట్టుపట్ల సంఘములతో కలిపి విస్తరించి 150 వార్డులను 300గా చేయబూనినపుడు ఆక్షేపణలకు మొదట ఇచ్చిన గడువు ఒక్క వారము. వార్డుల జనసంఖ్యను, పటములను బహిరంగపరుపుడని ఉన్నత న్యాయస్థానము ఆజ్ఞాపింపవలసి వచ్చెను. పటము చూపక ఆక్షేపణ తెలుపుమనుట, పొలము చూపక శిస్తు ఒప్పుకొమ్మనుట వంటిది. ఇచ్చట ఎవరైన దురుద్దేశముతో గీసిరని మేము ఆరోపింపము. అట్లు గీసినను కనుగొనుటకు పౌరునకు వీలు లేకుండెననుటయే మా ఫిర్యాదు. కేరళమున స్థానిక సంఘముల విభజనను రాష్ట్ర ఎన్నికల కమిషనరు అధ్యక్షతను ప్రత్యేక సంఘము జరుపుచున్నది. అది తెలుగుదేశమున సాధ్యము కాకపోవుటకు మాకు కారణము కానరాదు. ఏ పక్షము ప్రభుత్వములో నున్నను ఈ సంస్కరణకు తొందరపడదనుటయు మేమెరుగుదుము. చేతిలో నున్న సీసపు కలమును తనంత తాను క్రింద పెట్టువాడెవడు?

వంకర గీత యెల్ల మోసము కాదు. గోదావరి వంకరగ పారినచో హద్దును వంకరగనే పోవును. తిన్నని గీత యెల్ల ధర్మమును కాదు. ఒకే తలంపువారు ఒకేచోట గుమిగూడి నివసించుటచే ఎవ్వరి కుట్రయు లేకయే లెక్క తారుమారగుటయు కలదు. అందుచే ఆకారమును చూచి తీర్పు చెప్పలేము, కారణము అడుగవలెను. ప్రతి హద్దునకు, ప్రతి మినహాయింపునకు సంఘమువారు వ్రాతమూలకముగ కారణము చెప్పవలెననియు, గ్రామముల పట్టీలతోను జనసంఖ్యలతోను ముసాయిదా పటములను తెలుగులో అచ్చువేసి ప్రతి మండల కార్యాలయమునను ఉంచవలెననియు, ఆక్షేపణలకు రెండు మాసములకు తక్కువ కాని గడువు ఈయవలెననియు, విచారణలను రాజధానిలో గాక రెవెన్యూ డివిజనులలో జరుపవలెననియు, సహసభ్యులు చేసిన సూచనలన్నిటిని వారి పేర్లతో ప్రకటింపవలెననియు మేము కోరుచున్నాము. ఇందులో దేనికిని పెద్ద ఖర్చు లేదు.

తక్కినది మన పని. రాజకీయ పక్షములు తమ తమ లెక్కలు చూచుకొనును. వానికి గుమాస్తాలు కలరు. ముసాయిదా వెలువడిన దినమున ప్రతి గ్రామమునను చదువుకొన్నవారు నలుగురు కూర్చుండి, తమ ఊరు ఏ నియోజకవర్గమున పడినదో, ఏ ఊళ్లతో జతపడినదో, ఏ ఊళ్లనుండి వేరుపడినదో చూడవలెను. కారణము కానరానిచోట ఊరివారి సంతకములతో గడువులోపల ఆక్షేపణ పంపవలెను. దాని నకలును మాకు పంపినచో ఏ పక్షమునకు మోదము కలిగినను, ఏ పక్షమునకు ఖేదము కలిగినను, ప్రచురింతుము.